పర్ణశాలకే గదా, పోయిరా!

రా చెల్లీ, ఇట్లా అరుగు మీద కూర్చుందాం. లోపలైతే మా అత్తయ్య చెవిన పడుతుంది. ఈ ముచ్చట సగం ఆవిడ గురించే. తొంభైకి దగ్గరపడ్డా ఆవిడవి పాముచెవులు.

నేను ఖమ్మం పిల్లని. పెళ్లయి భద్రాచలం వచ్చింది 1989లో. పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ ఎక్కడికి పోతానన్నా "పెళ్లయ్యాక మీ ఆయనతో తిరుగుదువులే" అన్నారు. తీరా పెళ్లయ్యాక తెలిసింది, మా ఆయనకి ఊరు దాటితే నిద్ర పట్టదని. సొంత దిండు లేకపోతే తెల్లార్లూ పైకప్పు చూస్తూ పడుకుంటాడు. నాకేమో బస్టాండు కనబడితే చాలు, బోర్డు చదవకుండానే ఎక్కెయ్యాలనిపిస్తుంది. ఇట్లాంటి ఇద్దరికి ముడిపెట్టిన పంతులుగారిని ఏమనాలో నాకిప్పటికీ తెలీదు.

మా అత్తయ్య దగ్గర మూడు ప్రశ్నలుండేవి. ఎక్కడికి? ఎందుకు? ఎవరితో? మూడింటికీ జవాబు చెప్పి గడప దాటేసరికి బస్సు వెళ్లిపోయేది. నాలుగు నెలలకి కిటుకు కనిపెట్టాను. ఊరి పేరు కాదు, గుడి పేరు చెప్పాలి. అప్పుడు రెండో ప్రశ్నే రాదు. "పర్ణశాలకే గదా, పోయిరా!" అంతే. ఆ మాట నా మొదటి పాస్‌పోర్టు.

పర్ణశాల మా ఊరికి ముప్ఫై అయిదు కిలోమీటర్లు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం మండలంలో ఉంది. రాముడు వనవాసంలో పాక వేసుకున్న చోటంటారు. సీతమ్మ వాగు దగ్గర రాళ్ల మీద చారలు చూపించి ఇవి అమ్మవారు ఆరేసుకున్న నారచీరల గుర్తులంటారు, పచ్చరాళ్లూ ఎర్రరాళ్లూ చూపించి పసుపూ కుంకుమా అంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పెద్దాయన నేల మీద చెయ్యి చాచి "ఇక్కడే తల్లీ లక్ష్మణుడు గీత గీసింది" అన్నాడు. నేను గబుక్కున కాలు వెనక్కి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో ఆలోచిస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ఒళ్లూ మండుతుంది. ఆ గీత వాల్మీకి రామాయణంలో లేదట చెల్లీ. తర్వాతివాళ్లు, మన రంగనాథ రామాయణం లాంటివి, గీసి పెట్టినవి. కథ చెప్పినవాళ్లు ఒక్కొక్కళ్లూ తలా ఒక గీత కలిపారన్నమాట!

ఆ రోజే ఇంకో తప్పు చేశాను. తిరుగు బస్సు దుమ్ముగూడెంలో దిగేసి లాకులు చూడటానికి పోయాను. పాతకాలపు రాతికట్టడం. పడవలు నడవని కాలువ. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టతో ఆగలేదు. సముద్రం దగ్గర్నుంచి గోదావరి మీదుగా మధ్య పరగణాల్లో పత్తి పండే ఊళ్ల దాకా పడవలు నడపాలనుకున్నాడు. నదిలో రాళ్లు అడ్డమొచ్చిన చోట్ల మొదటిది ఈ దుమ్ముగూడెం. పక్కనుంచి కాలువ తవ్వి, లాకులు కట్టి, డబ్బంతా పోసి, చివరికి 1871లో ఇక చాలని వదిలేశారు. సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య "ఇంత ఆలస్యమేం?" అంది. "జనం ఎక్కువత్తయ్యా, దర్శనానికి లైను" అన్నాను. ఆ లాకుల దగ్గర నేనూ, రెండు మేకలూ ఉన్నాం.

అప్పట్నుంచి గుళ్లే గుళ్లు. పాపికొండలు చూడాలనుకుంటే పేరంటాలపల్లి శివాలయం పేరు చెప్పాను. మా తోడికోడలినీ, బళ్లో నాతో పనిచేసే ఇద్దరు టీచర్లనీ వెంటేసుకుని పోచవరం రేవులో లాంచీ ఎక్కాం. కొల్లూరు ఇసుక మీద వెదురు గుడిసెల్లో ఒక రాత్రి పడుకున్నాం. చుట్టూ కొండలు, పైన నక్షత్రాలు, కరెంటు లేదు. అర్ధరాత్రి మెలకువొచ్చి ఒక్కదాన్నే నీళ్ల దాకా నడిచాను. పగలు అంత గొప్పగా ఉన్న గోదావరి రాత్రి పూట కనపడదు, వినపడుతుంది అంతే. పెద్ద జంతువేదో పడుకుని ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది. ఆ లాంచీలో మాకు లైఫ్ జాకెట్లిస్తే తల కింద దిండులా పెట్టుకుని కునుకు తీశాం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిందని టీవీలో చూసినప్పుడు నలుగురం ఒకరికొకరం ఫోను చేసుకున్నాం. ఎవరి నోటా మాట రాలేదు.

ఇక అసలు ముచ్చటకొస్తా. 2018లో మా నలుగురికీ కంబోడియా పిచ్చి పట్టింది. నేను రిటైరవ్వడానికి ఇంకా టైముంది, చేతిలో కాసిని డబ్బులున్నాయి. అత్తయ్యకి ఎట్లా చెప్పాలి? చెప్పేశాను, "అంగ్‌కోర్ వాట్ అని విష్ణుమూర్తి గుడి అత్తయ్యా. మన భద్రాద్రి గుడి కన్నా అయిదొందల ఏళ్లు ముందుది." అబద్ధం కాదు. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ కట్టించింది విష్ణువుకే, తర్వాత బౌద్ధులదైంది. ఆవిడ కాసేపు ఆలోచించి "విష్ణుమూర్తికే గదా, పోయిరా. ప్రసాదం తే" అంది. సముద్రం అవతలన్న సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు.

సముద్రం దాటితే కులం చెడుతుందనే రోజుల్లో, 1870ల్లో, పోతం జానకమ్మ అనే తెలుగావిడ మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు పోయొచ్చింది, తెలుసా? చూసిందంతా తెలుగులో రాసుకుని, ఇంగ్లీషులోకి తనే మార్చి, 1876లో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' అని పుస్తకం వేసింది. ఆవిడ ఇంట్లో ఏ గుడి పేరు చెప్పి బయటపడిందో అని నాకు ఎప్పుడూ అనుమానం.

ముందు బ్యాంకాక్‌లో దిగాం. అక్కడ రాజుగారి గుడి, వాట్ ఫ్రా కేవ్, ప్రాంగణం చుట్టూ గోడల మీద 178 చిత్రాల్లో రామాయణం గీశారు. గేటు దగ్గర నిక్కర్లేసుకున్న తెల్లవాళ్లని ఆపి ఒళ్లు కప్పుకోమంటున్నారు. మేం నలుగురం నేతచీరల్లో, చంకలో సంచులతో, దొరసానుల్లా లోపలికి పోయాం. భద్రాద్రి రాముడి ఊరివాళ్లం, మాకు రామాయణం ఎవరు చెప్పాలి అన్న ధీమా ఒకటి! గైడు పిల్ల ఒక బొమ్మ దగ్గర ఆగింది. సముద్రంలో మత్స్యకన్య, పక్కన మన ఆంజనేయస్వామి. ఏంటమ్మా అంటే, ఆ పిల్ల రావణుడి కూతురట, పేరు సువర్ణమచ్ఛ, వారధి పాడుచెయ్యడానికొచ్చి హనుమంతుడితో ప్రేమలో పడిందట. ఇద్దరికీ కొడుకు కూడానట! మా తోడికోడలు "రామ రామ" అని చెవులు మూసుకుంది. ఆ రాత్రి ఫోనులో అత్తయ్యకి చెప్పాను, శివాలెత్తుతుందేమోనని భయపడుతూనే. ఆవిడ తాపీగా "మరి మన మైరావణ కథలో మత్స్యవల్లభుడు ఎవరి కొడుకనుకున్నావే? ఆంజనేయుడి చెమటచుక్క చేప మింగితేనే గదా పుట్టింది. మనవాళ్లు చెమట దగ్గర ఆపారు, వాళ్లు ఆపలేదు" అంది. ఆవిడ మీద నాకు గౌరవం పుట్టిన రోజది. ఇరవై తొమ్మిదేళ్ల కాపురం తర్వాత!

కంబోడియాకి విమానంలో కాదు, నేల మీద దాటాలని నా పట్టు. సరిహద్దు నడిచి దాటడమంటే నాకు అదో సరదా. థాయిలాండ్ వైపు చివరి ఊరి పేరు అరణ్యప్రథెట్. బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి అక్కడే ఆగిపోయాను. అరణ్యప్రదేశం, చెల్లీ! మన వైపు ఊరి పేరులాగే లేదూ? అడవంచు నుంచి బయల్దేరి ఇంత దూరమొస్తే ఇంకో అడవంచు. అక్కడ స్టాంపు వేయించుకుని, సంచులు మోసుకుంటూ నడిచి, ఇటు పోయ్‌పెట్‌లో ఇంకో స్టాంపు వేయించుకున్నాం. మధ్యలో ఎవరిదో తెలీని కాస్త జాగా. ఎవరి రాజ్యంలోనూ లేని ఆ నాలుగడుగులూ నేను కావాలనే మెల్లిగా నడిచాను. వెనక నుంచి మా తోడికోడలు "మోకాళ్లా అక్కా?" అని అడిగింది.

దాటగానే చావు తప్పి కన్ను లొట్టపోయింది. థాయిలాండ్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. కంబోడియాలో కుడివైపు. నేను అలవాటుగా కుడివైపు చూసి రోడ్డు మీదికి దిగాను, ఎడమవైపు నుంచి మోటారు సైకిలొచ్చి నా కొంగు అంచు తీసుకుపోయింది. ఆ అంచు లేని చీర ఇప్పటికీ దాచాను. నీకు తర్వాత చూపిస్తా.

సియెం రీప్ దారంతా తాటిచెట్లే. మన తాటిచెట్టే, వాళ్లకి జాతీయ వృక్షం. రోడ్డు పక్కన పెద్ద బాణలిలో తాటిబెల్లం కాస్తున్నారు. ఆ పొయ్యి దగ్గర కూర్చున్నావిడ నాకు ఒక ముక్క పెట్టింది, ఆకులో చుట్టి. భాష రాదు గానీ, ఇంకా కావాలా అని ఆవిడ కనుబొమ్మలెత్తిన తీరు అచ్చం మా అమ్మమ్మదే. అదే ఊరి రాత్రి బజార్లో ఎర్రచీమలు వేసి వండిన కూర చూసి మాత్రం "ఛీ, వీళ్లు తినని పురుగు లేదు" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

అంగ్‌కోర్ వాట్‌కి ఒక రోజు టికెట్టు ముప్ఫై ఏడు డాలర్లు. మా లెక్కల టీచరు బుర్ర వెంటనే దాన్ని రూపాయల్లోకి మార్చి (ఆ టీచర్ని నేనే) గుండె పట్టుకుంది. చీకటితో లేచి పోయాం. పడమర వైపు గోడ మీద లంకా యుద్ధం. హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు, ఎదురుగా రథం మీద ఇరవై చేతుల రావణుడు. కోతులు రాక్షసుల్ని కొరుకుతున్నాయి, గోళ్లతో రక్కుతున్నాయి. వందల ఏళ్లుగా జనం తడిమి తడిమి ఆ రాయి నల్లగా మెరుస్తోంది. మా ఊరి రాముడు ఎడమ తొడ మీద సీతమ్మని కూర్చోబెట్టుకుని నాలుగు చేతులతో ఉంటాడు గదా, అట్లాంటిది ఎక్కడన్నా ఉందేమోనని మధ్యాహ్నం దాకా వెతికాను. దొరకలేదు. క్షీరసాగర మథనం దగ్గర మాత్రం నలుగురం నోళ్లు తెరిచాం. నలభై తొమ్మిది మీటర్ల గోడ, అటు 92 మంది రాక్షసులు, ఇటు 88 మంది దేవతలు. నేను లెక్కపెట్టబోయి అరవై దగ్గర తప్పాను. లెక్క తప్పడం కూడా మళ్లీ వస్తుంది.

అమెరికా ముచ్చట పెద్దగా చెప్పేదేం లేదు. 2022లో డల్లాస్‌లో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాను. (ఫ్రిస్కోలో హనుమంతుడి గుడి ఉందత్తయ్యా అని చెప్పే పోయాను.) కారు, కొట్టు, గుడి, కారు. వచ్చేటప్పుడే తమాషా అయింది. విమానాలు మారి, ఒక రోజులో సగం భూమి దాటి హైదరాబాద్‌లో దిగి, కారులో సారపాక దాకా వచ్చేసరికి వంతెన మీద రాకపోకలు ఆపేశారు. జూలై వరద. గోదావరి ఆ తడవ 71.3 అడుగులొచ్చింది. ఇల్లు అవతలి ఒడ్డున రెండు కిలోమీటర్లలో ఉంది, నేనేమో ఇవతల తెలిసినవాళ్ల మేడ మీద అమెరికా సూట్‌కేసుల మీద తల పెట్టుకుని రెండు రాత్రులు పడుకున్నాను. అత్తయ్య ఫోనులో ధైర్యం చెప్పింది, "ఏం కాదులే, 86లో ఇంకో నాలుగడుగులు ఎక్కువే వచ్చింది. అయినా అంత దూరం పోయినదానివి ఈ కాస్తా రాలేవా?"

ఇప్పుడు చర్ల ముచ్చట. సిగ్గుపడుతూనే చెప్తున్నా. ఇన్ని దేశాలు తిరిగానా, మా ఊరికి అరవై కిలోమీటర్ల చర్లకి నేను వెళ్లింది నిరుడు వేసవిలోనే. "అటు అడవి, అటెందుకు?" అనేవాళ్లందరూ. అటు గుడి పేరు కూడా నాకు తట్టలేదు. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు తీసేశాక సాకులన్నీ పోయాయి. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆ దారి నాకు పోయ్‌పెట్ కన్నా విచిత్రంగా అనిపించింది. భద్రాచలం పొలిమేర దాటగానే ఎటపాక, అంటే ఆంధ్ర. కాసేపు పోతే మళ్లీ తెలంగాణ. స్టాంపు లేదు, గేటు లేదు, బోర్డుల మీద ప్రభుత్వం పేరు మారుతుంది అంతే. 2014 మే నెలాఖరులో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాల్ని ఆర్డినెన్సుతో ఆంధ్రలో కలిపినప్పుడు వచ్చిన గీత ఇది. రేపు తెలంగాణలో ఉంటామనుకుని పడుకున్నవాళ్లు లేచేసరికి ఆంధ్ర వాటాకి పోయారు, మంచం కదలకుండా. వాళ్లదీ ప్రయాణమే మరి.

అదే నెల 25న, ఆ గీత పడటానికి నాలుగు రోజుల ముందు, ఈ చర్ల మండలం పిల్లాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కాడు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణతో కలిసి. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో నేర్చుకుని, టిబెట్ వైపు నుంచి ఎక్కారు. పదహారేళ్లు నిండనివాళ్లని నేపాల్ వైపు నుంచి ఎక్కనివ్వరు, పూర్ణకి అప్పటికి పధ్నాలుగు కూడా నిండలేదు. పేపర్లో వాళ్ల ఫోటో చూశాను, సెలవులయ్యి బడి తెరిచాక క్లాసులో అట్లాసు తెరిచి పిల్లలకి ఎవరెస్టు చూపించాను. ఒక పిల్ల "టీచర్, చర్ల ఎక్కడుంది?" అంది. ఆ అట్లాసులో చర్ల లేదు. ఎటు పోవాలో సరిగ్గా చెప్పడం నాకూ చేతకాలేదు.

చర్ల అవతల ఒక కోయగూడెంలో నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఉంది. వాళ్లింట్లో దిగాను. మే నెల, తునికాకు రోజులు. తెల్లవారకముందే వాళ్లమ్మ లేపి "టీచరమ్మా, వస్తావా?" అంది. గుడ్డ నడుముకి చుట్టుకుని వెళ్లాం. లేతాకు పనికిరాదు, ముదురాకు పనికిరాదు, చిల్లు పడింది పనికిరాదు. ఆవిడ చెయ్యి కొమ్మ మీద నుంచి పోతుంటే ఆకులు వాటంతటవే రాలి వస్తున్నట్టుండేది. నేను ఒక్కొక్కదాన్నీ ఎండకి పెట్టి పరీక్షపేపరు దిద్దినట్టు చూస్తుంటే పక్కనున్న ఆడపిల్లలు నవ్వాపుకోలేకపోయారు. ఎండెక్కేలోపు ఇంటికొచ్చి వాకిట్లో కట్టలు కట్టాలి. కట్టకి యాభై ఆకులు, నారతో బిగించాలి. అట్లాంటి కట్టలు వెయ్యయితే ఒక స్టాండర్డ్ బస్తా. నేను చెమటలు కక్కుతూ పద్దెనిమిది కట్టాను. కల్లంలో ఎండకి వరసలుగా పేరుస్తుంటే వాళ్ల నాయనమ్మ నా కట్ట ఒకటి తీసి, బొటనవేలితో అంచు జారవిడిచి, "నలభై ఎనిమిది" అంది. అట్లా ఎట్లా అని విప్పి లెక్కపెట్టాను. నలభై ఎనిమిదే. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని చెల్లీ! "కల్లంలో లెక్కచూసే కల్లేదారు చూస్తే కట్ట పక్కన పడేస్తాడు" అని ఆవిడ తన కట్టలోంచి రెండాకులు తీసి నాకు కలిపింది.

మధ్యాహ్నం జావతో పాటు ఆకుదొప్పలో ఎర్రటి పచ్చడి పెట్టారు. పుల్లగా, నాలుక జివ్వుమనేట్టు ఉంది. గోంగూరా అంటే కాదన్నారు. నిమ్మా అంటే కాదన్నారు. మామిడిచెట్టు మీద ఆకులు కుట్టుకుని గూడు కట్టే ఎర్రచీమలు. బస్తర్ సంతల్లో దొప్పకింత అని అమ్ముతారట. సియెం రీప్‌లో "ఛీ" అన్నదాన్ని, ఇంటికి అరవై కిలోమీటర్ల దూరంలో రెండోసారి అడిగి వేయించుకున్నాను. కంబోడియావాళ్లకి క్షమాపణ చెప్పుకుందామన్నా ఇప్పుడు ఎవరికని చెప్పను?

వచ్చాక అత్తయ్య పక్కన కూర్చుని అంతా చెప్పాను. చీమల సంగతి కూడా. "గుడి ఉందా అక్కడ?" అంది. "గుడి కోసం పోలేదత్తయ్యా" అన్నాను. ముప్ఫై అయిదేళ్లలో మొదటిసారి. ఆవిడ కాసేపు నా మొహం చూసి, "నాకు తెలీదనుకున్నావా? పర్ణశాలలో లైనెప్పుడుంటుందే, శ్రీరామనవమికి తప్ప" అంది. లాకుల దగ్గర మేకల సంగతి కూడా ఆవిడకి తెలుసునేమో!

రేపు కూనవరం పోతున్నాం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు. పోలవరం నీళ్లు నిండితే ఆ ఒడ్డు ఈ రూపంలో ఉండదంటున్నారు, అందుకని. ఈ మాట చెప్పగానే అత్తయ్య గొంతు సవరించుకుని, "నేను పుట్టింది ఆ శబరి ఒడ్డునే. పెళ్లయి వచ్చాక చూడలేదు. జీపులో చోటుందా?" అంది. ముందుసీటు ఆవిడకే ఇచ్చాం. పొద్దున అయిదింటికి జీపు. కాస్త లోపలికి తొంగిచూడు చెల్లీ, చప్పుడు చెయ్యకు. మంచం మీద కూర్చుని ఏం చేస్తోందో చూశావా? దిండుకి ఉతికిన గలీబు తొడుగుతోంది.